మ్యాట్ ఫినిష్ తుపాకీకి తుప్పు: సందేహాలు - సమాధానాలు

వానలు మొదలైతే చాలు, ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ల నుంచి ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి గొలుగొండ, నర్సీపట్నం, చింతపల్లి వైపు నుంచి చాలా వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే. మెరుపు లేని నల్లటి మ్యాట్ ఫినిష్ అయితే తుప్పు పట్టదన్నారు, పట్టింది, ఇప్పుడేం చేయాలి? వీలైనంత వివరంగా రాస్తున్నాను. తుపాకీ మీద గుడ్డ వేసే ముందు మాత్రం ప్రతిసారీ బోల్టు తెరిచి ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. తూటాలు మీరు శుభ్రం చేసే గదిలోనే ఉండకూడదు. ఈ జాగ్రత్త తీసుకోనివారు కింద చెప్పినవేవీ చేయవద్దు.

*గొలుగొండ దగ్గర మాకు జీడిమామిడి తోట ఉంది. పంట రక్షణ లైసెన్సు మీద .315 రైఫిల్ ఉంది. కిందటేడు లైసెన్సున్న డీలరు దగ్గర పాత నీలిపూత తీయించి మ్యాట్ బ్లాక్ చేయించాను. ఇక తుప్పు భయం లేదన్నారు. ఆగస్టు వచ్చేసరికి గొట్టం మీద నారింజ రంగు చుక్కలు కనిపించాయి. నన్ను మోసం చేశారంటారా?*
– ఒక రైతు, గొలుగొండ

మోసమని అనను. కానీ మీకు చెప్పిన మాట తప్పు. మ్యాట్ అనేది చూపుకు సంబంధించిన గుణం. ఎండ పడినప్పుడు గొట్టం తళుక్కుమనకుండా ఉండటానికి సన్నటి ఇసుకనో గాజుపూసల పొడినో గాలి ఒత్తిడితో ఉక్కు మీద కొట్టి గరుకు చేస్తారు. ఆ తర్వాతే దాని మీద ఏదో ఒక పూత వస్తుంది. గరుకు చేయడం వల్ల ఉక్కుకు రక్షణ పెరగదు, తగ్గుతుంది. భూతద్దంలో చూస్తే నున్నటి నీలిపూత గొట్టం గట్టు మీద చదునుగా ఉన్న నేల, మ్యాట్ గొట్టం దున్నిన చేను. వాన కురిస్తే నీళ్లు నిలిచేది చాళ్లలోనే కదా. చెమట, మంచు, తేమ ఆ సన్నటి పల్లాల్లోకి దిగుతాయి. పైపైన గుడ్డతో తుడిస్తే మిట్టలు ఆరుతాయి, పల్లాలు ఆరవు.

మీ తుపాకీ మీద ఏ పూత ఉందో తెలుసుకోవడం ముఖ్యం. సాధారణంగా మూడింటిలో ఒకటి ఉంటుంది. మొదటిది గరుకు ఉక్కు మీద వేసిన నల్ల ఆక్సైడ్, అంటే మామూలు నీలిపూతే. ఇది కూడా ఇనుము, ఆక్సిజన్ కలిసి ఏర్పడిన పొరే. ఎర్ర తుప్పులా పెచ్చులు కట్టకుండా గట్టిగా పట్టుకుని ఉంటుంది, అంతే తేడా. చాలా పలుచన. నూనె లేకపోతే తేమను ఆపే శక్తి దీనికి పెద్దగా లేదు. రెండోది ఫాస్ఫేట్ పూత, డీలర్లు పార్కరైజింగ్ అంటారు. బూడిద రంగు కలిసిన నలుపుతో, ముట్టుకుంటే కొంచెం గరగరలాడుతుంది. దీని స్ఫటికాల మధ్య సందులు ఉంటాయి. అవి నూనెను పట్టి ఉంచుతాయి. సైన్యాలు ఈ పూతను ఇష్టపడటానికి కారణం అదే. కానీ నూనె పట్టించకపోతే అవే సందులు నీటిని పట్టి ఉంచుతాయి. మూడోది రంగులాంటి పూత, సెరాకోట్ వంటి సిరామిక్ పూతలు ఈ కోవలోవి. పగలనంత కాలం ఇది మంచి కవచం. గీత పడిన చోట మాత్రం తేమ లోపలికి దిగి, పూత కింద కంటికి కనిపించకుండా తుప్పు పాకుతుంది.

మోటుగా తెలుసుకునే పద్ధతి ఒకటుంది. కనిపించని చోట ఒక చుక్క పలుచటి నూనె వేసి పది నిమిషాలు ఆగండి. పూత ఆ చుక్కను తాగి ముదురు రంగుకు తిరిగితే ఫాస్ఫేట్ అనుకోవచ్చు. చుక్క పైనే తేలి, తుడిస్తే అంతా వచ్చేస్తే రంగు పూత. నీలిపూత ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది.

ఇక మీ చుక్కల సంగతి. ఇప్పుడే వచ్చినవి కాబట్టి పైపై తుప్పే అయి ఉంటుంది. ఎమెరీ పేపరు, గిన్నెలు తోమే స్టీలు పీచు దగ్గరికి రానీయకండి. నున్నటి నీలిపూత మీద నూనెతో కలిపి అతి సన్నటి స్టీలు పీచు వాడేవారున్నారు, అక్కడ చెల్లుతుంది. మ్యాట్ మీద చెల్లదు. మిట్టలన్నీ అరిగి ఆ చోట అద్దంలా మెరుస్తుంది, మళ్లీ మ్యాట్ కాదు. చుక్కల మీద నూనె వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున వాడేసిన మెత్తటి టూత్‌బ్రష్‌తో చిన్న చిన్న వలయాలుగా రుద్దండి. మొండి చుక్కను వెదురు పుల్ల మొన చెక్కి మెల్లగా గీకండి. ఎర్రటి నూనెను తుడిచి, మళ్లీ నూనె వేసి, మళ్లీ రుద్దండి. తెల్లటి గుడ్డకు ఎరుపు అంటడం ఆగేవరకూ ఇదే పని. చుక్క పోయిన చోట సన్నటి గుంట కనిపిస్తే అది ఉండిపోతుంది, దాన్ని చదును చేయాలని చూడకండి.

చింతపండు, నిమ్మచెక్క, బజారులో దొరికే తుప్పు తీసే ద్రావకాలు అసలు వద్దు. మన ఇళ్లలో ఇత్తడి బిందెలకు చింతపండు ఎంత బాగా పనిచేస్తుందో తెలుసు కాబట్టే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. పులుపుకు ఎర్ర తుప్పు, నల్ల పూత తేడా తెలియదు, రెండింటినీ తినేస్తుంది. పులుపు కడిగేసరికి ఉక్కు తెల్లగా బయటపడుతుంది, నాలుగు రోజుల్లో మళ్లీ ఎర్రబడుతుంది.

ఇంకొకటి. తుపాకీ మీద చెక్కిన నంబరు దగ్గర ఏ రుద్దుడూ వద్దు. ఆయుధ చట్టం ప్రకారం గుర్తింపు గుర్తులు చెరిగిన తుపాకీ ఉండటమే నేరం. అక్కడ తుప్పు ఉంటే నూనె వేసి పుల్లకు చుట్టిన దూదితో అద్దండి, అంతకు మించి అవసరమైతే లైసెన్సున్న రిపేరరు దగ్గరికి వెళ్లండి.

*నేను బ్యాంకులో గన్‌మాన్‌ని. రోజూ 12 బోర్ తుపాకీ పట్టుకుని నిలబడతాను. మిగతా అంతా బాగానే ఉంటుంది కానీ చెయ్యి పడే చోట, ట్రిగ్గర్ గార్డు దగ్గర మాత్రం తరచూ తుప్పు వస్తోంది. రోజూ కొబ్బరినూనె రాస్తున్నాను.*
– మాజీ సైనికుడు, నర్సీపట్నం

చెమటలో ఉప్పు ఉంటుంది. ఉప్పు ఉన్న తేమలో తుప్పు వేగం పెరుగుతుంది, పైగా ఆ ఉప్పు గాలిలోని తేమను తనవైపు లాగుతుంది. కొందరి చెమట మరీ చురుకు. వాళ్ల వేలిముద్రలు ఒక్క రాత్రిలో ఉక్కు మీద అచ్చులా లేస్తాయి. ఆయుధశాలల్లో పనిచేసినవాళ్లందరికీ ఇలాంటి చేతులవాడొకడు తెలిసే ఉంటాడు. అది ఎవరి తప్పూ కాదు.

డ్యూటీ దిగగానే ముందు కొంచెం తడిపి గట్టిగా పిండిన గుడ్డతో చెయ్యి పడిన చోట్లన్నీ తుడవండి. ఉప్పును కరిగించేది నీరు, నూనె కాదు. తర్వాత పొడి గుడ్డ, ఆపైన నూనె. ఉప్పు మీద నేరుగా నూనె రాస్తే ఉప్పును నూనె పొర కింద భద్రం చేసినట్టు. మీరు సైన్యంలో చేసిన పనే ఇది, బ్యాంకులో ఆ పరేడ్ లేక మానేసి ఉంటారు.

కొబ్బరినూనె ఆపేయండి. తలకు మంచిదే. ఉక్కు మీద గాలికి ఉండి ఉండి పాడవుతుంది, పుల్లటి వాసన వస్తుంది, కొవ్వు ఆమ్లాలు తయారవుతాయి. నువ్వుల నూనె, ఆవనూనె ఆరి జిగురు కడతాయి, బోల్టు బిగుసుకుంటుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్లో మసి, ఆమ్లాలు ఉంటాయి. కిరసనాయిలు మురికి తీయడానికి పనికొస్తుంది కానీ ఎగిరిపోతుంది, వెనక కాపలా ఉండదు. డబ్ల్యూడీ-40 గురించి చాలామంది అడిగారు. దాని పేరులోనే ఉంది, నీటిని తరమడానికి 1950ల్లో తయారుచేసినది. వానలో తడిసి వచ్చిన తుపాకీ మీద మొదట కొట్టడానికి దానంత చక్కనిది లేదు. వానాకాలమంతా కాపాడమంటే దాని వల్ల కాదు. కాసేపాగి తుడిచి, అసలు నూనె రాయాలి.

అసలు నూనె అంటే తుపాకులకని అమ్మే ఖనిజ నూనె. నర్సీపట్నంలో ఆ రోజుకు దొరక్కపోతే కుట్టుమిషను నూనె తాత్కాలికంగా వాడండి. అది కూడా పలుచటి ఖనిజ నూనే. వారానికోసారి తిరిగి రాస్తుండాలి.

ఎంత రాయాలి అన్నది నూనె రకం కంటే ముఖ్యం. మ్యాట్ మీద టూత్‌బ్రష్‌తో నూనెను పల్లాల్లోకి దించి, పావుగంట ఆగి, పైన మిగిలినదాన్ని గుడ్డతో అద్ది తీసేయండి. రుద్దితే గరుకు మీద గుడ్డ నూలుపోగులు చిక్కుకుంటాయి, ఒక్కో పోగూ తేమను పట్టి కూర్చుంటుంది. పాత బనియను గుడ్డ కంటే పోగులూడని గట్టి నేత గుడ్డ మేలు. ముట్టుకుంటే వేలికి నూనె తెలియాలి, కారకూడదు. ఎక్కువైన నూనె తుపాకీని నిటారుగా నిలబెట్టినప్పుడు కిందికి జారి కర్రలోకి దిగుతుంది. కొన్నేళ్లకు బోల్టు వెనక కర్ర నల్లబడి మెత్తబడుతుంది. బాగా నూనె రాసిన రాత్రి గొట్టం మూతి కిందికి ఉండేలా, పాత గుడ్డ మీద నిలబెట్టడం మంచి అలవాటు. పేల్చే ముందు గొట్టం లోపలి నూనె పొడి గుడ్డతో పూర్తిగా తీసేయాలి. ఇది ప్రాణానికి సంబంధించిన విషయం.

*నా రైఫిల్ స్టెయిన్‌లెస్ స్టీల్, మ్యాట్ ఫినిష్. దీనికీ నూనె కావాలా?*
– ఒక షూటింగ్ క్రీడాకారుడు, విశాఖపట్నం

కావాలి. స్టెయిన్‌లెస్ ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది. అది పైన కనిపించని పొర కట్టి కాపాడుతుంది. సముద్రపు ఉప్పు గాలి ఆ పొరను చిన్న చిన్న చోట్ల ఛేదిస్తుంది. గరుకు చేసేటప్పుడు మామూలు ఇనుప రజను అందులో ఇరుక్కుని ఉంటే అక్కడా ఎర్ర చుక్కలు లేస్తాయి. విశాఖలో ఉంటున్నారు కాబట్టి నెలకోసారి తుడిచి నూనె పట్టించండి. పైగా బోల్టులో, ట్రిగ్గర్‌లో ఉన్న స్ప్రింగులు, మరలు అన్నీ స్టెయిన్‌లెస్ కాకపోవచ్చు.

*చింతపల్లిలో ఉంటాను. డిసెంబరు, జనవరిలో ప్రాక్టీసు కోసం రైఫిల్‌తో లంబసింగి మీదుగా కిందికి దిగుతాను. వాన లేదు, ఎవరూ తడపలేదు, అయినా నర్సీపట్నం చేరి సంచి విప్పితే గొట్టం మీద నీటి బొట్లు. ఎక్కడి నుంచి వస్తున్నాయి?*
– ఒక ఉపాధ్యాయుడు, చింతపల్లి

నర్సీపట్నం గాలి నుంచే. లంబసింగి చలి మీకు కొత్త కాదు. రాత్రంతా ఆ చలిలో ఉన్న మూడున్నర నాలుగు కిలోల ఉక్కు గంటన్నర ప్రయాణంలో, అందులోనూ మందపాటి సంచిలో, వేడెక్కదు. ఘాట్ దిగాక గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది. సంచి విప్పగానే ఆ గాలి చల్లటి ఉక్కును తాకి, తనలోని నీటిని దాని మీద వదిలేస్తుంది. గొట్టం లోపల, బోల్టు సందుల్లో, ట్రిగ్గర్ లోపల కూడా ఇదే జరుగుతుంది. మీరు బయట తుడుస్తారు, లోపలిది ఉండిపోతుంది.

కిందికి దిగాక సంచి జిప్పు తీయకుండా రెండు మూడు గంటలు తాళం వేసిన గదిలో వదిలేయండి. ఉక్కు గది వేడికి వచ్చాక విప్పితే బొట్లుండవు. ఆగే సమయం లేక వెంటనే విప్పాల్సి వస్తే, సాయంత్రం గొట్టం లోపల పుల్‌త్రూ తాడుతో పొడిగుడ్డ లాగి, తర్వాత నూనెగుడ్డ లాగండి. బోల్టు బయటికి తీసి విడిగా తుడవండి.

ఆ సంచి ప్రయాణానికే. ఇంట్లో అందులో ఉంచకండి. తోలు కవర్లు మరీ ప్రమాదం. తోలును పదును చేసేటప్పుడు వాడిన లవణాలు, ఆమ్లాలు అందులో మిగిలి ఉంటాయి, తేమ పీల్చుకుంటే ఉక్కుకు తగులుతాయి. స్పాంజి పెట్టెలు కూడా అంతే. ఒకసారి తడిస్తే లోపల ఆరవు. నేను చూసిన పాడైన మ్యాట్ తుపాకుల్లో ఎక్కువ భాగం వానలో తడిసినవి కావు, కవరులో పెట్టి మర్చిపోయినవి.

తాళం ఉన్న ఇనుప బీరువాలో, గోడకు ఆనకుండా, బట్టలు తాకకుండా నిలబెట్టండి. గాలిలో తేమ అరవై శాతం దాటితే తుప్పు వేగం అందుకుంటుంది, మన వానాకాలంలో అది రోజూ దాటేదే. తేమను కొలిచే చిన్న మీటరు తక్కువ ధరకే వస్తుంది, లోపల ఒకటి పెట్టండి. సిలికా జెల్ సంచులు పనిచేస్తాయి, కానీ వేసి ఏడాది వదిలేస్తే అవి గులకరాళ్లతో సమానం. రంగు మారగానే వంటకు వాడని పాత పెనంలో సన్నసెగ మీద వేడిచేసి తేమ పోగొట్టి మళ్లీ పెట్టండి. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్టు లవణం ఉంటుంది, పిల్లలకు అందనీయకండి.

*2024 ఎన్నికలప్పుడు తుపాకీని పోలీసు స్టేషన్‌లో డిపాజిట్ చేశాను. తిరిగి ఇచ్చేసరికి గొట్టం, కర్ర కలిసే చోట పొడవునా ఎర్రటి గీత. వాళ్లను ఏమీ అనలేను. ఈసారి ఎలా ఇవ్వాలి?*
– ఒక చెరకు రైతు, రోలుగుంట

2024లో మార్చి 16న ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చింది, మే 13న మన దగ్గర పోలింగ్ జరిగింది, జూన్ 4న ఫలితాలు వచ్చాయి. రెండున్నర నెలలకు పైగా మీ తుపాకీ వందల ఆయుధాల మధ్య ఉంది. ఎవరో వచ్చి నూనె రాస్తారని అనుకోకూడదు. ఇచ్చే ముందు రోజే మీరు చేయాల్సింది చేయాలి. చెమట ఉప్పు తుడిచి, బాగా ఆరనిచ్చి, ఈసారి మామూలు కంటే కాస్త చిక్కటి రక్షక నూనె పట్టించండి. గొట్టం లోపల కూడా రాయండి. దొరికితే తుప్పును ఆపే ఆవిరినిచ్చే వీసీఐ కాగితం గొట్టం చుట్టూ చుట్టండి. ప్లాస్టిక్ కవరులో బిగించి ఇవ్వకండి, లోపల తేమ చిక్కుకుంటుంది. అప్పగించేటప్పుడు తుపాకీ ఎలా ఉందో రసీదులో రాయమని మర్యాదగా అడగండి. మీ దగ్గర ఒక ఫొటో ఉంచుకోండి.

ఆ ఎర్రటి గీత గురించి మాత్రం నాకు వేరే అనుమానం ఉంది. కర్ర అంచున గీతలా తుప్పు కనిపిస్తే, కర్ర కింద ఇంకా ఎక్కువ ఉంటుంది. కర్ర తేమను పీల్చి ఉక్కుకు ఆనించి పెడుతుంది. రెండున్నర నెలల్లో వచ్చింది కాకపోవచ్చు, ఏళ్లుగా ఉన్నది ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. వానలు పోయాక లైసెన్సున్న రిపేరరు దగ్గర కర్ర విప్పించి లోపల శుభ్రం చేయించండి. ఏడాదికి ఒకసారి ఈ పని జరగాలి.

*కృష్ణదేవిపేటలో చదువుకుంటున్నాను. అల్లూరి సీతారామరాజు మా ఊరి పోలీసు స్టేషన్ నుంచి తుపాకులు తీసుకెళ్లింది వానాకాలంలోనే కదా. అడవిలో అవి పాడవకుండా ఎలా ఉన్నాయి?*
– ఒక విద్యార్థిని, కృష్ణదేవిపేట

చాలా మంచి ప్రశ్న. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న మీ కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద ఆయన దళం దాడి చేసింది. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. నెల తిరగ్గానే, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు ఆ దళం చేతిలో చనిపోయారు. అంటే వానాకాలంలో నెలంతా ఆ ఆయుధాలు కొండల్లో పనిచేశాయి.

అవి ఎలా పాడవకుండా ఉండేవో తెలియాలంటే ఆనాడు తుపాకీని శుభ్రం చేసే పద్ధతి చూడాలి. ఆ కాలపు తూటాల్లో నిప్పు పుట్టించే ప్రైమరులో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేల్చాక గొట్టంలో పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది, అది మన ఉప్పుకు దగ్గరి చుట్టం. నూనె ఎంత రాసినా పోదు. అందుకే ఆనాటి సైనికులు పేల్చిన రోజే గొట్టంలో సలసల మరిగే నీళ్లు పోసి కడిగేవారు. ఉప్పు కరిగిపోతుంది, వేడెక్కిన ఉక్కు తనంతట తానే ఆరుతుంది, అప్పుడు నూనె. లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ బట్‌లో చిన్న ఇత్తడి మూత తెరిస్తే లోపల నూనె బుడ్డి, పుల్‌త్రూ తాడు ఉంటాయి. తుపాకీతో పాటే దాని మందు కూడా వెళ్లాలన్న ఏర్పాటు అది. నాటు మందు వాడే పాత తుపాకులకు కూడా వేడినీళ్లే విరుగుడు. దాని మసి గాలిలోని తేమను పీలుస్తుంది, ఒక్క రాత్రి వదిలేసినా గొట్టం పాడవుతుంది. మన్యంలో తరతరాలుగా తుపాకీ వాడినవాళ్లకు ఈ సంగతి పుస్తకాలు చెప్పాల్సిన పని లేదు.

*అడవిపందులు చెరకు, దుంపలు తవ్వేస్తున్నాయి. తుపాకీ బాగుచేయించుకుని కాల్చవచ్చా?*
– పేరు రాయవద్దన్నవారు, గొలుగొండ మండలం

మీ కష్టం నాకు తెలుసు. అయినా మీ అంతట మీరు కాల్చకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పంట రక్షణ లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికి అనుమతి మాత్రమే, జంతువును చంపడానికి కాదు. పంట నాశనం చేసే జంతువు విషయంలో అటవీశాఖ అధీకృత అధికారి రాతపూర్వక అనుమతి ఇచ్చే వీలు అదే చట్టంలోని 11వ సెక్షన్‌లో ఉంది. నష్టం జరిగిన చేను ఫొటోలతో రేంజి కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. నాటు బాంబులు, కరెంటు తీగలు పెట్టకండి. వాటికి పంది, పశువు, పక్క చేను రైతు అన్న తేడా ఉండదు.

*మామగారు పోయి మూడు నెలలైంది. అటక మీద దుప్పటిలో చుట్టి ఆయన తుపాకీ దొరికింది. లైసెన్సు పుస్తకం కూడా ఉంది. మెరుపు లేని నల్లటి గొట్టం, అంతా తుప్పు. మావారు ఊళ్లో లేరు. తుడిచి నూనె రాసి పెట్టనా అన్నయ్యగారూ?*
– ఒక గృహిణి, గొలుగొండ

వద్దమ్మా. దాన్ని ముట్టుకోకండి. అందులో తూటా ఉందో లేదో మీకు తెలియదు. తుప్పుతో బిగుసుకున్న తుపాకీని విప్పడానికి ప్రయత్నించడం నిపుణులకే ప్రమాదం. పిల్లలను ఆ వైపు పోనీయకుండా గదికి తాళం వేయండి. లైసెన్సుదారు చనిపోయాక ఆ ఆయుధాన్ని వారసులు ఆలస్యం లేకుండా పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. మీకు ఇప్పుడే తెలిసింది కాబట్టి భయపడాల్సింది లేదు, కానీ ఇక ఆలస్యం చేయకండి. స్టేషన్‌కు ఫోన్ చేసి విషయం చెప్పి, వాళ్లనే ఇంటికి వచ్చి తీసుకెళ్లమనండి. మీరు బస్సులోనో ఆటోలోనో పట్టుకుని వెళ్లవద్దు. రసీదు, లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం ఒక చోట పెట్టండి. కుటుంబంలో ఎవరైనా ఉంచుకోవాలనుకుంటే అనకాపల్లి కలెక్టరు కార్యాలయంలో కొత్త లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. అది మంజూరై తుపాకీ తిరిగి చేతికి వచ్చాకే తుప్పు సంగతి. అప్పుడు మళ్లీ రాయండి, ఏం చేయాలో వివరంగా చెబుతాను.